తాగుడు మానాకే డిప్రెషన్‌కు వైద్యమా? మానసిక వైద్యులకు, డీ-అడిక్షన్ కేంద్రాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మానసిక వైద్యులకు, డీ-అడిక్షన్ కేంద్రాల నిర్వాహకులకు, సైకియాట్రీ బోధించే ప్రొఫెసర్లకు,

నమస్కారం.

మా తమ్ముడికి బైపోలార్ డిజార్డర్ ఉంది, అంటే కొన్నాళ్ళు అతి హుషారు (మేనియా), కొన్నాళ్ళు గట్టి డిప్రెషన్ వచ్చే జబ్బు. తాగుడు కూడా ఉంది. ఈ రెండూ ఉన్న మనిషి డిప్రెషన్‌లో పడితే ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలి అన్న ప్రశ్నకు మాకు ఇంతవరకు సరైన జవాబు దొరకలేదు. ముందు డాక్టర్లను నోటితో అడిగాం. తర్వాత ఆసుపత్రి పెద్దలకు కాగితం మీద రాసిచ్చాం. 'పరిశీలిస్తాం' అన్నారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఇదే ఇబ్బంది పడుతున్న మరికొన్ని కుటుంబాలతో మాట్లాడాక, ఇది ఒక్క ఆసుపత్రితో తేలే సంగతి కాదని అర్థమై మీ అందరికీ కలిపి రాస్తున్నాను. ఎవరినీ రచ్చకీడ్చే ఉద్దేశం లేదు కాబట్టి పేర్లు రాయడం లేదు. ఇవన్నీ బయటపెట్టడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు. 'నా పేరు మాత్రం వద్దక్కా' అన్నాడు.

ఓపీలో ఒక్కో పేషెంటు దగ్గర మీకు ఎంత తక్కువ టైం దొరుకుతుందో చూస్తూనే ఉన్నాం. అందుకే సూటిగా విషయానికి వస్తాను.

తమ్ముడి ఫైల్లో పక్కపక్కనే రెండు కాగితాలున్నాయి. మానసిక వైద్య విభాగం వాళ్ళిచ్చిన చీటీ అడుగున 'మద్యం పూర్తిగా మానాక రివ్యూకు రావాలి' అని రాసి, కింద గీత కూడా గీశారు. డీ-అడిక్షన్ వాళ్ళ కాగితంలో 'బైపోలార్ కేసు. మూడ్ స్టేబుల్ అయ్యాక అడ్మిషన్ చూద్దాం' అని ఉంది. రెండూ ఒకే వారంలో రాసినవే. వాడు తాగేదే డిప్రెషన్ తట్టుకోలేక. తాగుడు ఆపితేగానీ డిప్రెషన్‌ను చూడం అని ఒకరు, మూడ్ కుదుటపడితేగానీ తాగుడును చూడం అని ఇంకొకరు. కాలు విరిగినవాణ్ణి నడిచొస్తే కట్టు కడతామన్నట్టుంది.

ఇలాంటివాళ్ళు ఎక్కడో ఒకరుంటారులే అని సరిపెట్టుకోవడానికి లేదు. అమెరికాలో 20 వేల మందికి పైగా జనాన్ని ఇంటర్వ్యూ చేసిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 1990లో వచ్చాయి. అందులో బైపోలార్ మొదటి రకం (పూర్తిస్థాయి మేనియా వచ్చే రకం) ఉన్నవాళ్ళలో 46 శాతం మందికి జీవితంలో ఏదో ఒక దశలో మద్యం సమస్య ఉన్నట్టు తేలింది. అంటే దాదాపు ఇద్దరిలో ఒకరు. మీ ఓపీ బయట బెంచీల మీద కూర్చున్న బైపోలార్ పేషెంట్లలో సగం మందికి వర్తించే సమస్యను 'ప్రత్యేక కేసు' అంటే ఎలా?

ఇక డిప్రెషన్ సంగతి. బైపోలార్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మేనియా. నిద్రపోకుండా తిరగడం, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టడం, గొడవలు. అది ఊరందరికీ కనిపిస్తుంది. పేషెంటు జీవితాన్ని ఎక్కువగా తినేసేది మాత్రం డిప్రెషనే. మొదటి రకం బైపోలార్ ఉన్న 146 మందిని పన్నెండేళ్ళకు పైగా వెంబడించి చూసిన అధ్యయనం 2002లో వచ్చింది. వాళ్ళు మొత్తం వారాల్లో 32 శాతం డిప్రెషన్ లక్షణాలతో గడిపారు. మేనియా లక్షణాలతో గడిపింది 9 శాతం. మేనియా తక్కువ స్థాయిలో వచ్చే రెండో రకంలో అయితే సగం కాలం డిప్రెషన్‌లోనే పోతుంది. తాగుడు ఈ డిప్రెషన్‌ను ఇంకా సాగదీస్తుంది, మందులు మానిపిస్తుంది, నిద్రను చెడగొడుతుంది. ఈ ముక్క మీరే మాకు చెప్పారు.

'తాగుడు ఆపితే చాలామందికి డిప్రెషన్ దానంతటదే తగ్గుతుంది, అందుకే ఆగమంటున్నాం' అని మీరనవచ్చు. ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. తాగుడు చికిత్సకు చేరిన మగవాళ్ళ మీద జరిగిన అధ్యయనం ఒకటి 1988లో వచ్చింది. చేరిన రోజుల్లో 42 శాతం మందిలో గట్టి డిప్రెషన్ కనిపించింది. నాలుగు వారాలు మద్యం లేకుండా గడిపాక అది 6 శాతానికి దిగింది. మంచిదే. కానీ వాళ్ళు ప్రధానంగా తాగుడు సమస్యతో వచ్చినవాళ్ళు, పైగా ఆసుపత్రిలో ఉండి మానినవాళ్ళు. మా తమ్ముడికి మొదటి డిప్రెషన్ వచ్చింది కాలేజీలో, మద్యం రుచి కూడా తెలియని వయసులో. బైపోలార్ అని ఒకసారి తేలిన మనిషికి, మద్యం తాగినా తాగకపోయినా మూడ్ మందులు కావాల్సిందే. మరి నాలుగు వారాలు ఆగి చూసేది దేనికి? అదీ ఇంట్లో, ఏ సాయమూ లేకుండా, డిప్రెషన్‌తో మంచం దిగలేని స్థితిలో ఆ నాలుగు వారాలు మానగలిగేవాడైతే మీ దగ్గరికి రావాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఈ 'ముందు అది, తర్వాత ఇది' పద్ధతి వల్ల మామూలు కుటుంబాల్లో ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. జబ్బు పేరే ఏళ్ళ తరబడి బయటపడదు. మద్యం వాసనతో వచ్చిన మనిషిని 'తాగుడు వల్ల వచ్చిన దిగులు' అని రాసి పంపేస్తారు. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా హుషారుగా తిరిగాడా, మాట ఆపకుండా మాట్లాడాడా అని ఇంట్లోవాళ్ళను పక్కకు పిలిచి అడిగేవాళ్ళు తక్కువ. అమెరికాలో 2000లో బైపోలార్ పేషెంట్ల మధ్య జరిగిన ఒక సర్వేలో 69 శాతం మంది తమకు మొదట వేరే జబ్బు పేరు చెప్పారన్నారు. అందులో ఎక్కువగా చెప్పింది మామూలు డిప్రెషన్ అనే. సరైన పేరు తెలియడానికి పదేళ్ళు, అంతకన్నా ఎక్కువ పట్టినవాళ్ళు మూడో వంతుకు మించి ఉన్నారు. మా తమ్ముడికి కూడా మొదట ఒక్క యాంటీడిప్రెసెంట్ మాత్రే రాసి పంపారు, మూడ్ స్టెబిలైజర్ (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) లేకుండా. కొన్ని వారాలకు నిద్ర పోయింది, మాట పెరిగింది, తాగుడు రెండింతలైంది. మళ్ళీ తీసుకెళితే 'తాగి అల్లరి చేస్తున్నాడు' అన్నారు. బైపోలార్ అన్న మాట ఆ రోజు కూడా ఎవరి నోటా రాలేదు.

మొదటి రకం బైపోలార్‌లో యాంటీడిప్రెసెంట్‌ను ఒంటరిగా వాడొద్దని అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లో స్పష్టంగానే చెప్పింది. మూడ్ స్టెబిలైజర్‌కు తోడుగా వాడినా ఏమంత లాభం లేదని 2007లో వచ్చిన ట్రయల్ చూపించింది. అందులో 366 మంది పాల్గొన్నారు. యాంటీడిప్రెసెంట్ తోడిచ్చినవాళ్ళలో నిలకడగా కోలుకున్నది 23.5 శాతం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో 27.3 శాతం. న్యాయంగా చెప్పాలంటే, మూడ్ స్టెబిలైజర్ ఉన్నంతకాలం దానివల్ల మేనియా పెరిగినట్టు కూడా ఆ ట్రయల్లో కనిపించలేదు. అయినా లాభం లేని మాత్ర ఎందుకు అన్న ప్రశ్న మిగులుతుంది.

2. బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మందు ఒంట్లో ఎక్కువైనా తాగాడనే అనుకుంటున్నారు. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మేం ఎక్కువ భయపడింది ఇక్కడే. లిథియం వాడేవాళ్ళకు రక్తంలో దాని లెవెల్ సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషంలా పనిచేయడం మొదలవుతుంది. ఉండాల్సిన మోతాదుకూ, ఉండకూడని మోతాదుకూ మధ్య దూరం అంతే. వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఇవన్నీ లెవెల్‌ను పెంచుతాయి. తాగేవాళ్ళకు ఈ మూడూ మామూలే. తలనొప్పికో ఒళ్ళునొప్పులకో వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కూడా లెవెల్‌ను పెంచుతాయి. లిథియం రాసిచ్చిన రోజున ఈ సంగతి మాకు చెప్పినవాళ్ళు లేరు.

ఒక రాత్రి తమ్ముడు తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది, చేతిలో గ్లాసు నిలవడం లేదు, నీళ్ళన్నీ చొక్కా మీదే. అంతకుముందు రెండ్రోజులుగా వాంతులు. ఎమర్జెన్సీకి తీసుకెళితే డ్యూటీలో ఉన్నాయన ఫైలు తెరిచి, తాగుడు అన్న మాట చూసి, 'పడుకోబెట్టండి, దిగిపోతుంది' అన్నారు. వాడు ఆ వారమంతా తాగలేదని, లిథియం వాడుతున్నాడని, రక్త పరీక్ష చేయమని నేను పట్టుబట్టాను. నర్సమ్మ ఒకావిడ నా మాట విని డాక్టరును మళ్ళీ పిలిచింది. లెవెల్ చూస్తే ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువుంది. తూలుడు, ముద్ద మాట, వాంతులు, అయోమయం. లిథియం ఎక్కువైన మనిషీ, తాగిన మనిషీ చూడ్డానికి ఒకేలా ఉంటారు. పక్కన వాదించే మనిషి లేని పేషెంటు పరిస్థితి ఏమిటి?

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఈ భయంతోనే కొందరు డాక్టర్లు తాగేవాళ్ళకు లిథియం ఊసే ఎత్తరు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మేనియాకు వాడి చూపించినప్పటి నుంచి ఇన్నేళ్ళయినా, బైపోలార్‌లో ఆత్మహత్యలను తగ్గిస్తుందని గట్టిగా పేరున్న మందు అదే. ఆత్మహత్య ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకే ఆ మందు అందకుండా పోతోంది. లెవెల్ పరీక్షలు తరచుగా చేస్తూ, జాగ్రత్తలు చెబుతూ ఇవ్వడానికి అడ్డేమిటో మాకు చెప్పండి.

3. మధ్యలో ఆగిన మాత్రలు. లామోట్రిజిన్ (ఇదీ మూడ్ మందే) మొదలుపెట్టినప్పుడు మామూలుగా రెండు వారాలు 25 మిల్లీగ్రాములు, ఆ తర్వాత రెండు వారాలు 50, అలా మెల్లగా పెంచుకుంటూ పోతారు. వాల్‌ప్రొయేట్ అనే ఇంకో మూడ్ మందు కూడా వాడుతుంటే అందులో సగమే. తొందరపడితే చర్మం ఊడే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది. అదీగాక, వరసగా ఐదారు రోజులు మానేస్తే మళ్ళీ మొదటి నుంచి, అంటే చిన్న మోతాదు నుంచే మొదలుపెట్టాలి. తాగే రోజుల్లో మాత్రలు మానేయడం తెలిసిందే. తెల్లారి బుద్ధి వచ్చి పాత మోతాదు మొత్తం ఒక్కసారే వేసుకోవడమూ మామూలే. మా తమ్ముడు స్ట్రిప్ వెనక పెన్నుతో తేదీలు రాసుకునేవాడు. ఒకసారి వరసగా కొన్ని తేదీల దగ్గర మాత్రలు అలాగే ఉండిపోయాయి. కొత్త స్ట్రిప్ కొనడానికి వెళ్ళినప్పుడు ఆ పాత స్ట్రిప్ చూసి, 'ఇలా వేసుకోకండి, ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి' అని ఆపింది మందుల షాపులో అమ్మాయి.

4. 'మానేసి రా' అన్న మాటే కొందరి ప్రాణం మీదికి తెస్తోంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో ఒళ్ళంతా వణుకు, లేనివి కనిపించడం, జ్వరం, అయోమయంతో ప్రాణాపాయం దాకా వెళ్ళవచ్చు. విటమిన్ బి1 ఇవ్వకపోతే మెదడు దెబ్బతినవచ్చు. డిప్రెషన్‌కు వాడే బుప్రోపియాన్‌ను ఇలా హఠాత్తుగా మద్యం ఆపుతున్నవాళ్ళకు ఇవ్వకూడదు, ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది. ఇవన్నీ మీకు మాకన్నా బాగా తెలుసు. తెలిసి కూడా, పర్యవేక్షణ ఏర్పాటు చేయకుండా 'మానేసి రా' అని ఇంటికి ఎలా పంపుతున్నారన్నదే మా ప్రశ్న.

5. ఆడవాళ్ళను అసలు అడగరు. బైపోలార్ ఉన్న ఆడవాళ్ళకు మద్యం సమస్య ఉండే అవకాశం మామూలు ఆడవాళ్ళతో పోలిస్తే ఏడు రెట్లకు పైగా ఉందని, మగవాళ్ళలో ఈ తేడా మూడు రెట్ల లోపేనని 2003లో ఒక అధ్యయనం చెప్పింది. మేం మాట్లాడిన కుటుంబాల్లో ఒకావిడ తాగుతుందన్న సంగతి లివర్ టెస్టులో తేడా వచ్చాక గానీ ఏ డాక్టరూ అడగలేదు. అప్పటికే ఆమెకు వాల్‌ప్రొయేట్ నడుస్తోంది. లివర్‌కు ఇబ్బందే, గర్భం వస్తే బిడ్డకూ ప్రమాదమే.

6. విసిగిపోయిన ఇంట్లోవాళ్ళు సొంత వైద్యం మొదలుపెడుతున్నారు. మద్యం పడకుండా చేసే డైసల్ఫిరామ్‌ను పేషెంటుకు తెలియకుండా కలిపి ఇస్తున్నవాళ్ళున్నారు. తెలియక ఆ మనిషి తాగితే బీపీ పడిపోయి, గుండె దడతో ప్రాణం పోవచ్చు. ఆఖరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. కొందరిలో ఆ మాత్ర వల్ల మతి చలించిన లక్షణాలు కూడా బయటపడతాయి. బైపోలార్ ఉన్నవాళ్ళలో అది ఎంత గందరగోళమో చెప్పక్కర్లేదు. డాక్టర్లు తలుపు మూశాక వాళ్ళు ఈ దారి పడుతున్నారు.

7. చావులు. బైపోలార్ ఉన్నవాళ్ళలో ఆత్మహత్య ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 20 నుంచి 30 రెట్లు ఎక్కువని మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. మద్యం దాన్ని ఇంకా పెంచుతుంది. తాగి ఉన్నప్పుడు 'నాకు బతకాలని లేదు' అన్న మనిషిని 'మత్తు దిగాక తీసుకురండి' అని రాత్రిపూట ఇంటికి పంపేస్తున్నారు. మత్తు దిగేదాకా కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? ఇంట్లో ఉన్న ముసలి తల్లా? మాతో మాట్లాడిన కుటుంబాల్లో ఒక కుటుంబం ఈ లేఖలో సంతకం పెట్టే స్థితిలో లేదు. అంతకుమించి రాయను.

తాగి వచ్చిన పేషెంటును చూస్తే విసుగు రావడం సహజం. తిడతారు, అపాయింట్‌మెంట్లు తప్పుతారు, ఇచ్చిన మాట నిలబెట్టుకోరు. మాకూ విసుగొస్తుంది, మాకైతే ఇరవై నాలుగ్గంటలూ. కానీ విసుగును వైద్య నియమంగా మార్చేసి, చీటీ మీద గీత గీసి రాస్తే దాన్ని మేం ఒప్పుకోలేం.

వైద్య శాస్త్రంలో దీనికి మార్గం లేదా అంటే, కొంత ఉంది. చాలా లేదు. లిథియం వాడుతున్న 59 మంది మీద 24 వారాలు జరిగిన ట్రయల్ 2005లో వచ్చింది. అందరూ బైపోలార్, మద్యం సమస్య రెండూ ఉన్నవాళ్ళే. వాల్‌ప్రొయేట్ కలిపితే విపరీతంగా తాగే రోజులు తగ్గాయి. మూడ్‌లో మాత్రం అది ఇచ్చినవాళ్ళకూ ఇవ్వనివాళ్ళకూ తేడా రాలేదు. క్వెటియాపిన్ బైపోలార్ డిప్రెషన్‌కు బాగా పనిచేస్తుందని 2006లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. అదే మందును ఈ రెండు సమస్యలూ ఉన్న 362 మందికి ఇచ్చి చూస్తే తాగుడు తగ్గలేదని 2010లో తేలింది. అంటే మూడ్‌కు ఇచ్చే మాత్ర తాగుడును కూడా చూసుకుంటుందిలే అనుకోవడానికి లేదు, తాగుడు ఆపితే మూడ్ సర్దుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. రెంటికీ వేర్వేరుగా మందు కావాలి, ఒకే సమయంలో కావాలి. అమెరికాలో రోజర్ వైస్ అనే పరిశోధకుడి బృందం బైపోలార్‌ను, మత్తు అలవాటును ఒకే జబ్బుగా చూస్తూ గ్రూప్ థెరపీ రూపొందించింది. 62 మంది మీద వాళ్ళు చేసిన ట్రయల్ 2007లో వచ్చింది. మామూలు కౌన్సెలింగ్ కన్నా ఇందులో మత్తు వాడే రోజులు బాగా తగ్గాయి. మూడ్ లక్షణాల్లో ఆ లాభం కనిపించలేదు.

ఆ అంకెలు చూడండి. 59, 62. ఇద్దరిలో ఒకరికి ఉండే సమస్య మీద ఇంత చిన్న ట్రయల్సా? కారణం అందరికీ తెలిసిందే. బైపోలార్ డిప్రెషన్‌కు కొత్త మందు పరీక్షించేటప్పుడు చాలా ట్రయల్స్‌లో తాగేవాళ్ళను గుమ్మంలోనే ఆపేస్తారు. తాగనివాళ్ళ మీద పరీక్షించిన మందును తర్వాత తాగేవాళ్ళకు రాయాల్సి వస్తుంది, లేదా 'ఆధారం లేదు' అని రాయకుండా వదిలేస్తారు.

మేం అడుగుతున్నవి ఇవీ:

1. 'మద్యం మానాకే రండి', 'మూడ్ కుదిరాకే రండి' అన్న రెండు నియమాలనూ ఎత్తేయండి. పేషెంటు మొదటి రోజు ఎక్కడికి వస్తే అక్కడే రెండింటికీ వైద్యం మొదలవ్వాలి. రెండు విభాగాలు కలిసి చూడాల్సి వస్తే ఫైలు ఒక్కటే ఉండాలి, ఈ పేషెంటుకు బాధ్యుడు ఫలానా డాక్టర్ అని దాని మీద పేరు ఉండాలి. మిగతావన్నీ తర్వాతి సంగతి. ఇది ఒక్కటి జరిగితే మా కష్టం సగం తీరుతుంది.

2. డిప్రెషన్‌తో వచ్చిన ప్రతి ఒక్కరినీ గతంలో మేనియా గురించి అడగండి, వీలైతే ఇంట్లోవాళ్ళను విడిగా అడగండి. బైపోలార్ ఉన్న ప్రతి ఒక్కరినీ, ఆడా మగా తేడా లేకుండా, తాగుడు గురించి అడగండి. తాగుడు ఎంత సమస్యో పట్టుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలో ఉన్నది పది ప్రశ్నలే.

3. బైపోలార్ డిప్రెషన్‌కు ఆధారాలున్న క్వెటియాపిన్, లురాసిడోన్, కారిప్రజిన్, ఒలాంజపిన్-ఫ్లూయాక్సిటిన్ కలిపిన మందు, లామోట్రిజిన్, లిథియం లాంటివాటిలో పేషెంటుకు తగినదాన్ని ఎంచండి. యాంటీడిప్రెసెంట్ ఒక్కటే రాసి పంపకండి. దాంతోపాటే తాగాలన్న కోరికను తగ్గించే మందు గురించి మాట్లాడండి. నాల్‌ట్రెక్సోన్‌కు మద్యం సమస్య కోసం అమెరికాలో అనుమతి వచ్చింది 1994లో, అకాంప్రోసేట్‌కు 2004లో. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. బైపోలార్ ఉన్నవాళ్ళ మీద వీటి ట్రయల్స్ చిన్నవే, ఫలితాలు గొప్పగా లేవన్నదీ మాకు తెలుసు. ఓపియాయిడ్ నొప్పి మాత్రలు వాడేవాళ్ళకు నాల్‌ట్రెక్సోన్ పనికిరాదని, లివర్ చూసుకోవాలని, లిథియంలాగే అకాంప్రోసేట్ కూడా కిడ్నీల ద్వారానే పోతుంది కాబట్టి కిడ్నీ పరీక్షలు కావాలని కూడా తెలుసు. అవన్నీ చెప్పి, పేషెంటుతో మాట్లాడి నిర్ణయించండి. మేం మాట్లాడిన చాలా కుటుంబాలు ఈ మందుల పేర్లే ఎప్పుడూ వినలేదు.

4. డైసల్ఫిరామ్ పేషెంటుకు చెప్పకుండా ఎవరికీ ఇవ్వకండి, ఇంట్లోవాళ్ళు బతిమాలినా సరే.

5. లిథియం, లామోట్రిజిన్, వాల్‌ప్రొయేట్ రాసిన ప్రతిసారీ పేషెంటు చదవగలిగే భాషలో ఒక కాగితం ఇవ్వండి. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి, ఏ నొప్పి మాత్రలు వేసుకోకూడదు, ఎన్ని రోజులు మానితే ఫోన్ చేయాలి, తాగిన రోజు మాత్ర సంగతి ఏమిటి. ఆఖరిది ముఖ్యం. తాగాను కాబట్టి ఈ రోజు మాత్ర వేసుకోకూడదేమో అని తనకు తానే నిర్ణయించుకుని మానేసేవాళ్ళు చాలామంది.

6. ఎమర్జెన్సీలో తాగి ఉన్న బైపోలార్ పేషెంటు చచ్చిపోతానంటే, మత్తు దిగేదాకా అక్కడే ఉంచి, దిగాక మళ్ళీ మాట్లాడి, ఆ తర్వాతే పంపాలా వద్దా తేల్చండి. లిథియం వాడుతున్నవాడు తూలుతుంటే, వాసన వచ్చినా రాకపోయినా, లెవెల్ చూడండి.

7. మళ్ళీ తాగాడని చికిత్సలోంచి తీసేయకండి. షుగర్ పెరిగిందని షుగర్ పేషెంటును ఎవరూ గెంటేయరు కదా.

8. పరిశోధన చేసేవాళ్ళకు, వాళ్ళకు నిధులిచ్చేవాళ్ళకు: బైపోలార్ డిప్రెషన్ ట్రయల్స్‌లో తాగేవాళ్ళను చేర్చండి. భద్రత కోసం తీసేయాల్సి వస్తే అదెందుకో రాసి, వాళ్ళకోసం విడిగా ట్రయల్ పెట్టండి.

9. ప్రొఫెసర్లకు ఒక్క మాట. సైకియాట్రీ చదివే విద్యార్థి డీ-అడిక్షన్ వార్డులో, బైపోలార్ క్లినిక్‌లో విడివిడిగా కాకుండా, ఈ రెండు సమస్యలూ ఉన్న ఒకే పేషెంటును కొన్ని నెలలు వెంబడించి చూసే ఏర్పాటు చేయండి.

వీటిలో కొన్నింటికి డబ్బు కావాలి, మనుషులు కావాలి. ఒప్పుకుంటాం. మొదటిది, రెండోది, నాలుగోది, ఐదోది, ఏడోది మాత్రం రేపటి ఓపీ నుంచే మొదలుపెట్టవచ్చు. ఈ లేఖ ప్రతులను వైద్య మండలికి, ఆరోగ్య శాఖకు, మానసిక వైద్యుల సంఘానికి పంపుతున్నాం. ఒక్కో అంశానికీ రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. ఏదైనా కుదరదనుకుంటే ఎందుకు కుదరదో రాయండి, కూర్చుని మాట్లాడటానికి మేం సిద్ధం. 'పరిశీలిస్తాం' అన్న జవాబు మాత్రం మా దగ్గర ఇప్పటికే ఉంది.

ఇట్లు,
బైపోలార్, మద్యం సమస్య రెండూ ఉన్న ఒక పేషెంటు అక్క,
ఇదే కష్టంలో ఉన్న మరికొన్ని కుటుంబాల తరఫున